ఇంట్లో ఉన్న వీడియోకి పెద్ద ఇంటర్నెట్ ప్లాను దేనికండీ?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ టెక్నాలజీ పేజీలో ఓ పాఠకుడి ప్రశ్న చూశాను. ఇంట్లో నెట్‌వర్క్ స్టోరేజీలో, అంటే రౌటర్‌కి తగిలించే హార్డ్ డిస్కుల డబ్బాలో దాచుకున్న వీడియోలు టీవీలో సరిగా రావడం లేదు, కొన్ని మధ్యలో గుండ్రంగా తిరుగుతూ ఆగిపోతున్నాయి, కొన్ని అసలు తెరుచుకోవడమే లేదు, ఏం చేయమంటారు అని ఆయన అడిగారు. మీవాళ్ళు మూడు ముక్కల్లో తేల్చేశారు. టీవీ ఆఫ్ చేసి ఆన్ చేయండి, యాప్ అప్‌డేట్ చేసుకోండి, అప్పటికీ రాకపోతే ఎక్కువ స్పీడున్న ఇంటర్నెట్ ప్లానుకు మారండి. మొదటి రెండిటి జోలికి నేను రాను, ఆఫ్ చేసి ఆన్ చేస్తే కుదుటపడే జబ్బులు చాలానే ఉన్నాయి. మూడోది మాత్రం తప్పు. అది నమ్మి ఆ పెద్దమనిషి నెలనెలా డబ్బు పోసుకుంటాడు, వీడియో మాత్రం అక్కడే ఆగుతుంది.

డబ్బా ఆయన ఇంట్లోనే ఉంది, టీవీ ఆయన ఇంట్లోనే ఉంది. వీడియో డబ్బాలోంచి రౌటర్‌కి, రౌటర్ నుంచి టీవీకి వెళ్తుంది, గుమ్మం దాటి వీధిలోకి అడుగే పెట్టదు. పెరట్లో బావి నీళ్ళు తోడుకోవడానికి మునిసిపాలిటీ కుళాయి పైపు పెద్దది వేయించుకోమన్నట్టుంది మీ సలహా. ఇంటర్నెట్ బిల్లు కట్టకపోయినా, వీధి చివర ఫైబర్ తెగినా, ఇంట్లో దాచుకున్న పెళ్ళి వీడియో ఆడుతుంది. (కొన్ని యాప్‌లు లాగిన్ అంటూ మొరాయిస్తాయి, అది వాటి బుద్ధి.)

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే మొన్న మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది, నేనూ మొదట ఇలాంటి సలహాలే విని రెండు వారాలు పాడుచేసుకున్నాను.

మాది తెనాలి. సంక్రాంతికి వచ్చినప్పుడు మా అబ్బాయి రెండు హార్డ్ డిస్కులు పట్టే డబ్బా ఒకటి తెచ్చి రౌటర్ పక్కన పెట్టి వెళ్ళాడు. దాన్ని నాస్ అంటారు, మా ఇంట్లో మాత్రం డబ్బా అనే అంటాం. ఫోన్లలో ఫొటోలు, పాత క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్న వీడియోలు, మాఘమాసంలో జరిగిన మా అమ్మాయి పెళ్ళి ఫుటేజీ అంతా అందులోకే చేర్చాం. పెళ్ళి వీడియో అంటే ఇప్పుడు ఒకటి కాదు కదా. ట్రెడిషనల్ కెమెరా అతను ఒకడు, క్యాండిడ్ కెమెరా అతను ఒకడు, పైన డ్రోను, ఇంకా టీజరు. ఎడిటింగ్ అయిన వీడియో పెన్‌డ్రైవ్‌లో ఇస్తారు, కోయని అసలు ఫుటేజీ కావాలంటే హార్డ్ డిస్క్ మనమే కొనిస్తే అందులో నింపి ఇస్తారు. అలా నింపించుకున్నాం.

ఓ ఆదివారం మా వియ్యపురాలు గారు గుడివాడ నుంచి వచ్చారు. భోజనాలయ్యాక "అన్నయ్యగారూ, ఎడిటింగ్‌లో జీలకర్రబెల్లం ముప్పై సెకన్లలో తేల్చేశారండీ, మా పెద్దాడపడుచు అక్కడే నిలబడింది, ఆవిడ ఒక్కసారైనా కనపడలేదు, అసలుది పెట్టండి చూద్దాం" అన్నారు. గర్వంగా రిమోట్ తీశాను. ట్రెడిషనల్ ఫోల్డర్లో ఫైలు నొక్కితే పురోహితుడు చెయ్యెత్తి, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయాడు. నాలుగు సెకన్లు ఆడటం, పది సెకన్లు తిరగడం. సరే అని క్యాండిడ్ ఫోల్డర్లోకి వెళ్ళాను. అక్కడ ఇంకో వింత, సన్నాయి చక్కగా వినపడుతోంది, తెర మాత్రం నల్లగా ఉంది. ఇంకో ఫైలు నొక్కితే "ఈ ఫైల్‌ను ప్లే చేయడం సాధ్యం కాదు" అని ఒక ముక్క. వియ్యపురాలు గారు మంచివారు, "పర్లేదులెండి, మళ్ళీ వచ్చినప్పుడు చూద్దాం" అన్నారు. మా ఆవిడ మాత్రం వాళ్ళు గేటు దాటే వరకు ఆగి, "ఏవండీ, ఆ డబ్బా కన్నా గోద్రెజ్ బీరువాలో హార్డ్ డిస్కే నయం" అంది.

అబ్బాయికి ఫోన్ చేస్తే రీస్టార్ట్ చేయమన్నాడు. ఇంటర్నెట్ కుర్రాడికి చేస్తే మీవాళ్ళు చెప్పిందే చెప్పాడు, పెద్ద ప్లాను. ఎలక్ట్రానిక్స్ షాపులో కొత్త టీవీ కొనమన్నారు. ఎవరికి ఏది అమ్ముడుపోతుందో వాళ్ళు అదే చెప్పారు, వాళ్ళను తప్పు పట్టను.

అప్పుడు నా పాత ఉద్యోగం గుర్తొచ్చింది. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఫోన్ మూగబోయిందని కంప్లైంట్ వస్తే వెంటనే నిచ్చెన భుజాన వేసుకుని పరుగెత్తేవాళ్ళం కాదు. ఎండీఎఫ్ అని పెద్ద ఇనుప ఫ్రేము ఉండేది, ఊళ్ళోంచి వచ్చే లైన్లన్నీ ఒకవైపు, ఎక్స్ఛేంజి లోపలి లైన్లన్నీ ఇంకోవైపు. అక్కడ ఆ నంబరు వైర్ల జతను విడదీసి లోపలి వైపు డయల్ టోన్ ఉందో లేదో వినేవాళ్ళం. టోన్ ఉంటే ఫాల్ట్ బయట, లేకపోతే లోపల. అర నిమిషం పని. అది చేయకుండా స్తంభాలెక్కినవాడు సాయంత్రానికి కాళ్ళనొప్పులు తెచ్చుకునేవాడు, అంతే.

డబ్బాకీ టీవీకీ మధ్య అలాంటి చోటు ఏదా అని ఆలోచిస్తే పెన్‌డ్రైవ్ తట్టింది. ఆడని ఫైలు ఒకటి పెన్‌డ్రైవ్‌లోకి తీసి, నేరుగా టీవీకే గుచ్చడం. అప్పుడు రౌటర్ లేదు, వైఫై లేదు, డబ్బా లేదు. అక్కడా ఆడకపోతే గొడవ ఫైలుకీ టీవీకీ మధ్యే. అక్కడ ఆడితే గొడవ దారిలో ఉంది. రెండో పరీక్ష దీనికి తిరగేసినది, అదే ఫైలును డబ్బా నుంచే వైఫై మీదే లాప్‌టాప్‌లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ పెట్టి చూడటం, అందులో ఆడితే అనుమానం టీవీ మీదికి వెళ్తుంది. పెన్‌డ్రైవ్‌తో చిన్న చిక్కుంది, చాలా పెన్‌డ్రైవ్‌లు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటాయి, అందులో 4 జీబీ దాటిన ఫైలు ఒక్కటి కూడా పట్టదు, ఖాళీ 60 జీబీ ఉన్నా సరే ఫైలు మరీ పెద్దదనే అంటుంది. ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసుకోవాలి, లేదా చిన్న క్లిప్పు ఏరుకోవాలి.

ఫలితం చూసి నాకే నవ్వొచ్చింది. ట్రెడిషనల్ ఫైలు పెన్‌డ్రైవ్ నుంచి గడగడా ఆడింది. క్యాండిడ్ ఫైలు పెన్‌డ్రైవ్ నుంచి కూడా అదే నల్ల తెర, అదే సన్నాయి. అంటే ఇన్నాళ్ళూ ఒకే జబ్బనుకున్నవి రెండు. ఒకే పెళ్ళి, ఒకే డబ్బా, ఒకే టీవీ కదా అని ఒకే మందు వేస్తూ కూర్చున్నాను.

క్యాండిడ్ సంగతి ముందు చెబుతాను, పెళ్ళి ఫుటేజీ తెచ్చుకున్న చాలా ఇళ్ళల్లో ఇది ఉంటుంది కాబట్టి. లాప్‌టాప్‌లో మీడియా ఇన్ఫో అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఉంది, ఫైలును దాని మీదకు లాగి వదిలితే ఫైలు జాతకం చెబుతుంది. ఫైలు పేరు చివర ఎంపీ4 అని ఉంది, మా టీవీ మాన్యువల్లోనూ ఎంపీ4 ఆడతానని ఉంది, మరి ఎందుకు ఆడదు? ఎంపీ4 అనేది క్యారేజీ డబ్బా లాంటిది, లోపల పప్పుందో పులుసుందో మూత చూసి చెప్పలేం. లోపల ఉన్నది హెచ్.264, వీడియోని కుదించి దాచే మామూలు పద్ధతే. కింద రెండు లైన్లు మాత్రం కొత్త. క్రోమా 4:2:2, బిట్ డెప్త్ 10. టీవీల్లో ఉండే చిప్పులు మామూలుగా హెచ్.264ను 4:2:0, 8 బిట్ అయితేనే తెరుస్తాయి. 4:2:2 అంటే 4:2:0 కన్నా ఎక్కువ రంగు సమాచారం. 8 బిట్ అంటే ఒక్కో రంగుకి 256 ఛాయలు, 10 బిట్ అంటే 1024. కెమెరా అతను రంగులు బాగా దిద్దుకోవడానికి ఎక్కువ ఛాయలతో, ఎక్కువ రంగు సమాచారంతో తీసుకుంటాడు, అది అతని పనితనం, తప్పేం కాదు. కానీ అది ఎడిటింగ్ టేబుల్ మీద ఉండాల్సిన సరుకు, టీవీలో పెట్టుకునేది కాదు. మసాలా నూరకుండా గిన్నెలో వేసి వడ్డించినట్టు. లాప్‌టాప్‌లో వీఎల్‌సీ దాన్ని ప్రాసెసర్ బలంతో ఎలాగో తెరుస్తుంది, టీవీకి ఆ బలం లేదు. శబ్దం మామూలు రకం కాబట్టి అది వినపడింది, బొమ్మ రాలేదు.

దీనికి కొత్త రౌటర్ కొన్నా, వెయ్యి మెగాబిట్ల ప్లాను తీసుకున్నా ఏమీ కాదు. డబ్బాయే అప్పటికప్పుడు మార్చి టీవీకి పంపే ఏర్పాటు ఒకటుంది, ట్రాన్స్‌కోడింగ్ అంటారు, జెల్లీఫిన్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఆ పని చేస్తాయి. మా డబ్బాలో ఉన్నది చిన్న ప్రాసెసర్, 4కే వీడియో ఇచ్చేసరికి ఆయాసపడిపోయింది. అందుకని ముందే మార్చిపెట్టుకున్నాను. హ్యాండ్‌బ్రేక్ అని ఇంకో ఉచిత ప్రోగ్రాం, మామూలు హెచ్.264, ఎంపీ4 ఎంచుకుని క్యూలో పెట్టి పడుకుంటే తెల్లారేసరికి జీలకర్రబెల్లం, తలంబ్రాలు అయిపోయాయి, అప్పగింతలు రెండో రాత్రి. అసలు ఫైళ్ళు చెరపకండి, మార్చినవి వేరే ఫోల్డర్లో పెట్టుకోండి.

ఇక ట్రెడిషనల్. అది పాత కెమెరా, 8 బిట్, 4:2:0, టీవీకి తెలిసిన భాషే. కానీ మీడియా ఇన్ఫోలో బిట్ రేటు చూస్తే సెకనుకి దాదాపు 100 మెగాబిట్లు. అంటే సెకనుకి పన్నెండున్నర మెగాబైట్లు, గంటకి 45 జీబీ. నా టీవీ 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద ఉంది. అపార్ట్‌మెంట్‌లో ఫోన్ తీసి చూస్తే పద్దెనిమిది వైఫైలు కనపడ్డాయి, ఆ బ్యాండులో ఒకదాన్నొకటి తగలకుండా ఉండే ఛానళ్ళు 1, 6, 11 మాత్రమే, పద్దెనిమిది మందీ ఆ మూడు దారుల్లోనే తోసుకుంటున్నారు. దాంట్లో సెకనుకి 30 మెగాబిట్లు దొరికితే గొప్ప. పైగా వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ వేస్తే అదీ ఇదే బ్యాండులో గోల చేస్తుంది.

మరి వైరు పెడితే సరి అని పెద్దగా ఆలోచించకుండా కేబుల్ లాగాను. ఇక్కడే నా ఎక్స్ఛేంజి అనుభవం కూడా దెబ్బతింది. వైరు పెట్టాక తగ్గింది కానీ పూర్తిగా పోలేదు, తలంబ్రాల దగ్గర ఆగనే ఆగింది. అరగంట జుట్టు పీక్కున్నాక తెలిసిందేమిటంటే, చాలా టీవీల వెనకాల ఉండే కేబుల్ పోర్టు 100 మెగాబిట్లదే, డెబ్భై వేలు పెట్టి కొన్న టీవీకైనా అంతే. అందులో నికరంగా నడిచేది 94 దాకా. 100 పంపే ఫైలు 94 దారిలో ఎలా పడుతుంది? ఇనుప కమ్మీలా వైరు ఉంటే ఇక తిరుగులేదనుకున్నాను, అక్కడ ఆరు మెగాబిట్లు తక్కువ పడ్డాయి. వైరు పీకేసి టీవీని 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చాను, రౌటర్ పక్క గదిలోనే కాబట్టి ఒకే గోడ, ఫైలు మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా ఆడింది. "ఎప్పుడైనా వైరే మేలు" అని నేనే ఇతరులకి చెప్పేవాణ్ణి. రౌటర్ నాలుగు గదుల అవతల ఉంటే మాత్రం 5 గిగాహెర్ట్జ్ గోడలు దాటలేదు, అప్పుడు వైరే దిక్కు, ఫైలు కొంచెం చిన్నది చేసుకోవాలి.

వైరు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. డబ్బా నుంచి రౌటర్‌కి వచ్చే కేబుల్ కూడా చూసుకోండి. లోపల ఎనిమిది తీగలుంటాయి, వెయ్యి మెగాబిట్లకి ఎనిమిదీ కావాలి. మన దగ్గర కేబుల్ వేసేవాళ్ళు నాలుగు తీగలే క్రింప్ చేసి మిగతా నాలుగు కత్తిరించి వదిలేయడం మామూలు, నాలుగింటితో 100 వరకు పనిచేస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కేబుల్ చివరి ప్లాస్టిక్ క్లిప్పును వెలుతురులో పెట్టి చూస్తే ఎన్ని రంగులున్నాయో కంటికే కనపడుతుంది. మా దానికి నాలుగే ఉన్నాయి. పాత క్రింపింగ్ టూలు అటక మీద నుంచి దించి మళ్ళీ కొట్టుకున్నాను, రిటైరయ్యాక మొదటిసారి.

ఇవి కాక చిన్నవి కొన్ని. మొదటిసారి నొక్కితే ఎర్రర్, రెండోసారి నొక్కితే ఆడుతుందంటే డిస్కు నిద్రపోయి ఉంటుంది, లేచి తిరగడానికి దానికి పది సెకన్లు కావాలి, టీవీకి అంత ఓపిక లేదు. డబ్బా సెట్టింగుల్లో డిస్కు నిద్రపోయే ముందు ఆగే సమయం పెంచుకుంటే పోతుంది. నిన్నటిదాకా కనపడిన డబ్బా ఈరోజు టీవీ లిస్టులో లేకపోతే ఇంటికి కొత్త రౌటర్ వచ్చిందేమో చూడండి. ఫైబర్ కంపెనీ పెట్టిన పెట్టె కూడా ఒక రౌటరే, దాని వెనక మనం కొన్నది ఇంకోటి పెడతాం, టీవీ ఒకదానికి, డబ్బా ఇంకోదానికి తగులుకుంటే ఒకే ఇంట్లో రెండు కాపురాలైనట్టే, ఒకరికొకరు కనపడరు. గెస్ట్ వైఫైలో టీవీ ఉన్నా ఇంతే. కరెంటు పోయి వచ్చాక ఆ రోజంతా ఆగి ఆగి ఆడితే డబ్బా తన రెండు డిస్కులూ సరిపోల్చుకుంటోందని అర్థం, దాని పని దాన్ని చేసుకోనివ్వాలి. రౌటర్‌ని ఇన్వర్టర్ మీద పెట్టి డబ్బాని వదిలేసినవాళ్ళు ఆ తప్పు దిద్దుకోండి. బొమ్మ వచ్చి మాట రాకపోతే ఆ ఫైల్లో శబ్దం డీటీఎస్ రకం కావచ్చు, 2018 నుంచి కొన్ని పెద్ద కంపెనీల టీవీల్లో అది తీసేశారు.

మా పెళ్ళి క్యాసెట్‌ది ఇంకో తమాషా. డీవీడీగా మార్పించినప్పుడు వచ్చిన వీఓబీ ఫైళ్ళు డబ్బాలో ఉన్నా టీవీ లిస్టులోకే రాలేదు. పేరు చివర వీఓబీ తీసి ఎంపీజీ అని రాస్తే వచ్చేశాయి, లోపలి సరుకు ఎటూ అదే కాబట్టి. పాతికేళ్ళ వయసులో నేను ఎంత సన్నగా ఉన్నానో మా ఆవిడ వీధిలో అందరికీ చూపించింది.

మీ పాఠకుల్లో ఎవరైనా ఇంటర్నెట్‌లో వెతికి డబ్బాలో ఎస్ఎంబీ 1 అనే ఫైళ్ళు పంచుకునే పాత పద్ధతిని ఆన్ చేస్తే పాత టీవీ యాప్‌కి కనపడుతుందని చదివి ఉండొచ్చు. కనపడుతుంది, నిజమే. ఆన్ చేయకండి. 2017 మే నెలలో వన్నాక్రై అనే వైరస్ లోకమంతా పాకింది ఆ పాత తలుపులోంచే, మన రాష్ట్రంలో పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దానికి చిక్కాయి. సినిమా కోసం ఇంటి తాళం తీసి పెట్టినట్టవుతుంది. యాప్ మార్చుకోండి, వీఎల్‌సీ, కోడి రెండూ కొత్త పద్ధతిలో పనిచేస్తాయి.

పెన్‌డ్రైవ్ పరీక్షలో ఒక లొసుగు కూడా చెప్పాలి, లేకపోతే రేపు ఎవరో నాకే ఉత్తరం రాస్తారు. కొన్ని టీవీలు పెన్‌డ్రైవ్ నుంచి తెరిచే ఫైలునే నెట్‌వర్క్ మీద డీఎల్ఎన్ఏ పద్ధతిలో (డబ్బాలోని వీడియోలను టీవీకి అందించే పద్ధతి) వస్తే తెరవవు. దాన్ని నడిపిన సంఘం 2003లో మొదలైంది, 2017లో మూసేశారు, టీవీల్లో మాత్రం ఆ పద్ధతి అలాగే ఉండిపోయింది. అందుకే ఇంకో గుర్తు పెట్టుకోవాలి. మొదలై ఆగి ఆగి నడిస్తే దారి ఇరుకు. మొదలే కాకుండా ఠక్కున కాదంటే భాష రాలేదు. ఈ రెండు మాటలు మీవాళ్ళు ఆ పాఠకుడిని తిరిగి అడిగి ఉంటే సగం పని అక్కడే అయిపోయేది. ఆయన ప్రశ్నలోనే రెండూ ఉన్నాయి చూడండి, కొన్ని ఆగుతున్నాయి, కొన్ని తెరుచుకోవడం లేదు అని. ఆయన సరిగ్గానే చెప్పాడు, మనమే వినలేదు.

టీవీ కంపెనీలవాళ్ళు ఈ పేజీ చదువుతారో లేదో తెలియదు కానీ అడగడానికి డబ్బులవ్వవు కాబట్టి అడుగుతున్నాను. "ఈ ఫైల్‌ను ప్లే చేయడం సాధ్యం కాదు" అన్న ఆ ఒక్క వాక్యం బదులు, 10 బిట్ కాబట్టి ఆడలేను, శబ్దం డీటీఎస్ కాబట్టి రాదు, వైఫై చాలడం లేదు అని ఏది నిజమైతే అది రాయడానికి ఏం పోయింది? టీవీకి లోపల ఆ సంగతి తెలుసు, మనకే చెప్పదు. మా కాలంలో ఫాల్ట్ డాకెట్ మీద కారణం రాయకుండా మూసేస్తే పై ఆఫీసరు ఊరుకునేవాడు కాదు.

పెళ్ళి వీడియోగ్రాఫర్లను కూడా ఒకటి అడగాలి, వాళ్ళు మీ పత్రిక చదువుతారని నాకు తెలుసు, ప్రకటనలు ఇచ్చేది మీకే కదా. హార్డ్ డిస్క్ ఇచ్చేటప్పుడు జీలకర్రబెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, అప్పగింతలు, ఈ నాలుగూ కోయకుండా టీవీలో ఆడే రకంలో ఒక కాపీ వేసి ఇవ్వండి. మీ కంప్యూటర్‌కి అది గంటల పని, మాకు రెండు వారాలు. లక్షలు తీసుకుంటున్నారు, నాలుగు ఫైళ్ళకి మొహమాటం వద్దు.

మీవాళ్ళ మీద కోపం లేదు, ఆ పాఠకుడికి మాత్రం వచ్చే వారం పేజీలో ప్లాను మార్చుకోవద్దని ఒక్క లైను వేయండి. ఈలోగా మార్చేసుకుని ఉంటే పాతదానికి తిరిగి వెళ్ళమనండి.

మా వియ్యపురాలు గారు ఆదివారం మళ్ళీ వస్తున్నారు, పెద్దాడపడుచు గారిని కూడా వెంటబెట్టుకుని. క్యాండిడ్ మూడో క్లిప్పులో, పదకొండో నిమిషం దగ్గర, ఆవిడ ఎడమవైపు స్తంభం పక్కన పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నారు, చూసిపెట్టుకున్నాను. డిస్కుని పొద్దున్నే లేపి ఉంచుతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టెలిఫోన్ ఉద్యోగి,
తెనాలి.